ఫిజిక్స్ సారును వెతికే ముందు

ఇంటర్ ఫస్టియర్ మొదలై రెండు మూడు నెలలయ్యేసరికి ఎంపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒక మాట వినబడుతుంది. "లెక్కలు పర్వాలేదు, కెమిస్ట్రీ ఎలాగో లాక్కొస్తున్నాడు, ఫిజిక్సే ఎక్కట్లేదు." ఇక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ, ఆఫీసు క్యాంటీన్‌లోనూ, బంధువుల పెళ్లిళ్లలోనూ ఒకటే ఆరా: మంచి ఫిజిక్స్ సారు ఎవరైనా తెలుసా? పేరు, నంబరు చెప్పేవాళ్లు నలుగురు దొరుకుతారు. "అసలు ఎక్కడ ఆగిపోతున్నాడు?" అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ సంగతి తెలియకుండా ఎంత పేరున్న సారును పెట్టినా, కాలేజీలో ఒకసారి విన్న పాఠాన్ని సాయంత్రం ఇంట్లో రెండోసారి వినడమే అవుతుంది.

పదో తరగతిలో సైన్సుకు తొంభై పైన తెచ్చుకున్న అమ్మాయి ఇంటర్లో ఎందుకు తడబడుతుంది? తెలివి తగ్గిపోయి కాదు. మొదటి కారణం లెక్కలే. సరళరేఖా గమనం పాఠం మొదటి నెలల్లోనే వస్తుంది. లెక్చరర్ బోర్డు మీద డీఎక్స్ బై డీటీ రాసేస్తారు. మారే బలం చేసే పని దగ్గరికి వచ్చేసరికి ఇంటిగ్రేషన్ గుర్తు పెడతారు. ఏళ్లుగా ఉన్న తెలంగాణ ఇంటర్ లెక్కల క్రమంలో డిఫరెన్షియేషన్ ఫస్టియర్ 1బి పేపర్లో ఉంటుంది, ఇంటిగ్రేషన్ సెకండియర్ 2బి పేపర్లో గానీ రాదు. అంటే లెక్కల సారు ఇంకా చెప్పని పనిముట్టును ఫిజిక్స్ సారు ముందే వాడేస్తున్నారన్నమాట. పిల్లలు దాన్ని ఫిజిక్స్ కష్టం అనుకుంటారు. ఇలాంటి పిల్లలకు మొదటి పదిహేను రోజులు వెక్టర్లు, త్రికోణమితి, గ్రాఫు వాలు, సులువైన డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ చెప్పి అప్పుడు ఫిజిక్స్‌లోకి దిగే సారు దొరికితే సగం భారం దిగిపోతుంది. "సిలబస్ వెనకబడుతోంది, చాప్టర్లు ఎప్పుడు మొదలుపెడతారు?" అని తల్లిదండ్రులు తొందరపెట్టకుండా ఉంటే చాలు.

రెండో కారణం ఇంతకన్నా లోతైనది, కంటికి కనబడనిది. మీ పిల్లవాణ్ణి ఒక ప్రశ్న అడిగి చూడండి. బంతిని నిటారుగా పైకి విసిరాం. చేతిని వదిలింది, ఇంకా పైకి వెళుతోంది. గాలి సంగతి వదిలేస్తే, ఆ క్షణాన దాని మీద పనిచేస్తున్న బలాలేవి? చాలామంది "చేయి ఇచ్చిన బలం పైకి, భూమ్యాకర్షణ కిందికి" అంటారు. నిజానికి చేతిని వదిలాక బంతి మీద ఉన్నది భూమ్యాకర్షణ ఒక్కటే. శిఖరం దగ్గర త్వరణం ఎంత అంటే "సున్నా" అనేవాళ్లూ అంతేమంది ఉంటారు. అక్కడ సున్నా అయ్యేది వేగం. త్వరణం మాత్రం ఎప్పటిలాగే సెకండుకు సెకండుకు 9.8 మీటర్లు, కిందికి. విశేషమేమిటంటే, ఇలా తప్పు చెప్పిన పిల్లవాడే బంతి ఎంత ఎత్తు వెళుతుందో ఫార్ములాలో అంకెలు వేసి సరిగ్గా తేల్చేస్తాడు. మార్కులు వస్తూనే ఉంటాయి, లోపల పొరపాటు భావన అలాగే ఉండిపోతుంది. దిమ్మె మీద దిమ్మె పెట్టి ఘర్షణ లెక్క ఇచ్చినప్పుడో, భ్రమణ గతిశాస్త్రం వచ్చినప్పుడో అది ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇది మన పిల్లలకే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఇబ్రహీం హల్లౌన్, డేవిడ్ హెస్టినెస్ 1985లో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరిశీలించి రాశారు. 1992లో హెస్టినెస్ బృందం 'ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ' అనే ప్రశ్నపత్రాన్ని తెచ్చింది. అందులో లెక్క కట్టాల్సిన ప్రశ్న ఒక్కటీ ఉండదు. అన్నీ ఆ బంతి ప్రశ్నలాంటివే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు దీన్ని ఇచ్చి చూస్తే, పరీక్షల్లో పెద్ద లెక్కలు చేసేసేవాళ్లు కూడా చాలామంది ఇక్కడ బోల్తాపడ్డారు. ఆయన తన బోధనా పద్ధతినే మార్చుకోవడానికి అదే కారణమైంది.

మరో పరిశోధన నాకు చాలా ఇష్టం. 1981లో మిషెలిన్ చీ, ఆమె సహచరులు కొన్ని ఫిజిక్స్ లెక్కలను కాగితాల మీద ఇచ్చి, ఒకే జాతివాటిని ఒక కుప్పగా పెట్టమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు వాలుతలం లెక్కలన్నీ ఒకచోట, స్ప్రింగు లెక్కలన్నీ ఒకచోట పెట్టారు. ఆరితేరినవాళ్లు స్ప్రింగునూ వాలుతలాన్నీ పట్టించుకోకుండా శక్తి నిత్యత్వంతో తేలేవి ఒక కుప్ప, న్యూటన్ రెండో నియమంతో తేలేవి ఇంకో కుప్ప పెట్టారు. మన మెటీరియల్ పుస్తకాలు లెక్కలను "మోడల్ 1, మోడల్ 2" అని బొమ్మను బట్టి విడదీసి బట్టీ పట్టిస్తాయి. ప్రైవేటు సారు కూడా అదే చేస్తే ఆయనకు ఇచ్చే ఫీజు దండగ. మోడళ్ల వెనక ఉన్న సూత్రాన్ని చూపించగలిగినవాళ్లే మనకు కావాలి.

ఒక్కరికి ఒక్కరు చెప్పడం వల్ల నిజంగా లాభం ఉందా అంటే, ఉంది. బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసం ప్రకారం, విడిగా ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందికన్నా ముందున్నాడు. అంత భారీ లాభం తర్వాతి పరిశోధనల్లో కనబడలేదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ అనేక అధ్యయనాలను కలిపి చూసి, లాభం గట్టిదే గానీ బ్లూమ్ చెప్పినదాంట్లో సగంకన్నా తక్కువేనని తేల్చారు. ఆ లాభం ఎక్కడినుంచి వస్తోందన్నదే మనకు ముఖ్యం. చీ బృందం 2001లో ట్యూటర్లకు ఒక నిబంధన పెట్టింది: వివరించకండి, పిల్లల చేతే చెప్పించండి, ప్రశ్నలు మాత్రం వేయండి. అలా చెప్పించుకున్న పిల్లలు కూడా, వివరణలు విన్నవాళ్లకు ఏమాత్రం తీసిపోకుండా నేర్చుకున్నారు. అద్భుతంగా పాఠం చెప్పేవాళ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతున్నారు. మన పిల్లవాడి నోటినుంచి వచ్చే తప్పు వాక్యాన్ని ఓపిగ్గా వినేవాళ్లు మాత్రం అక్కడ దొరకరు. డబ్బిచ్చి తెచ్చుకోవలసింది ఆ చెవినే.

అందుకే డెమో క్లాసు అడగండి. ఫీజు ఇచ్చే అడగండి, మొహమాటపడకండి. అదే గదిలో ఓ మూల కూర్చుని పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి. గంటసేపూ సారే రాస్తూ, పిల్లవాడు తల ఊపుతూ ఉంటే, ఆ సారు ఎంత గొప్ప వక్త అయినా మీకు పనికిరారు. మొదటి పది నిమిషాల్లో "ఈ లెక్క నువ్వు ఎలా మొదలుపెడతావు?" అన్నారా? బొమ్మ వేయించి, ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో ఒక్కో బాణం చూపించి "ఇది ఏ వస్తువు వల్ల వచ్చిన బలం?" అని అడిగారా? జవాబు సరిగ్గా వచ్చినప్పుడు కూడా "ఎందుకు?" అన్నారా? ఇంకొకటి: వాలుతలం మీద నున్నగా జారే దిమ్మె త్వరణం జీ సైన్ తీటా అని వచ్చాక, మంచి సారు అక్కడితో ఆపరు. "కోణం సున్నా చేస్తే ఏమవ్వాలి? తొంభై చేస్తే?" అంటారు. సున్నా అయితే బల్లమీద కదలని దిమ్మె, తొంభై అయితే స్వేచ్ఛగా పడే వస్తువు. జవాబును ఇలా తనంతట తాను పరీక్షించుకోవడం అలవాటైన పిల్లలకు పరీక్ష హాల్లో ఒక ధైర్యం ఉంటుంది. చివర్లో సారుకు ఆయన ఎప్పుడూ చూసి ఉండని లెక్క ఒకటి ఇవ్వండి. "చూద్దాం, ఇద్దరం కలిసి ప్రయత్నిద్దాం" అని మొదలుపెట్టి, మధ్యలో ఒక దారి తప్పి, వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టారంటే వదులుకోకండి. ఇరుక్కుపోయినప్పుడు ఏం చేయాలో పిల్లవాడు కళ్లారా చూసే అవకాశం కాలేజీలో దాదాపు రాదు.

ఏ పరీక్ష కోసమో కూడా ముందే తేల్చుకోవాలి. తెలంగాణ ఇంటర్ ఫిజిక్స్ థియరీ పేపరు 60 మార్కులకు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. అక్కడ డెరివేషన్‌ను వరసగా, బొమ్మతో రాయడం వచ్చి తీరాలి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కో ప్రశ్నకు 67 సెకండ్లే కాబట్టి వేగమే అసలు పరీక్ష. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నల్లో 25 ఫిజిక్స్‌వి, తప్పుకు మార్కు కోత. అడ్వాన్స్‌డ్‌లో రెండు మూడు అధ్యాయాలు ఒకే లెక్కలో కలిసిపోతాయి. హెచ్.సి. వర్మ పుస్తకంలోని లెక్కలను చివరిదాకా పట్టుదలగా చేయించే సారు అడ్వాన్స్‌డ్‌కు వరం, మార్చిలో ఇంటర్ గట్టెక్కితే చాలనుకునే పిల్లవాడికి బరువు. "అన్నీ చూసుకుంటాను" అనేవాళ్లను, పోయినవారం ఏ పరీక్షకు ఏ లెక్క చేయించారో అడగండి.

ఎక్కడ వెతకాలి? పెద్ద కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకులు చూసి కాదు. యూనివర్సిటీల ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్లలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లున్నారు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, వరంగల్‌లో కాకతీయ, అన్నిచోట్లా. జిల్లా కేంద్రాల్లో రిటైరైన జూనియర్ కాలేజీ లెక్చరర్లు ఉంటారు. నా అనుభవంలో, పేరుప్రఖ్యాతులు లేకుండా ముప్పై ఏళ్లు పల్లెపిల్లల తప్పులు దిద్దిన ఇలాంటి మాస్టార్లు, మేడమ్‌లే ఎక్కువమందికి మేలు చేస్తారు. ఐఐటీలో, ఎన్ఐటీలో చదివే సీనియర్లు అడ్వాన్స్‌డ్ లెక్కల్లో చురుకు, పైగా వయసు దగ్గరవడంతో పిల్లలు బెరుకు లేకుండా అడుగుతారు. కానీ తమకు సులువుగా వచ్చినది ఎదుటివాళ్లకు ఎందుకు రావట్లేదో వాళ్లలో కొందరికి అందదు. మీ పిల్లవాడి కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్నే ఇంటికి పిలవడం మంచిది కాదు. తరగతిలో చెప్పవలసింది ఇంటికోసం మిగిలిపోయే ప్రమాదం ఉంది. బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ చెబుతోంది కూడా.

పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్ల విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. వాళ్లకు తెలుగులో ఆలోచింపజేసి, ఇంగ్లీషులో రాయించే సారు కావాలి. ద్రవ్యవేగం అంటే ఏమిటో తెలుగులో తేటగా తెలిసిన అమ్మాయికి 'మొమెంటమ్' అన్న మాట నేర్చుకోవడం ఒక పూట పని. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకం పక్కన పెట్టుకుని రెండు మాటలూ కలిపి నేర్పేవాళ్లను వెతకండి.

హాస్టల్ పిల్లలకు ప్రైవేటు ట్యూషన్ దాదాపు కుదరదు. పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా కూర్చునే పిల్లవాడికి దసరా, సంక్రాంతి సెలవుల్లో నాలుగైదు రోజులు, ఒక్క అధ్యాయం మీద మాత్రం సాయం ఇప్పించండి. డే స్కాలర్ అయినా సరే, ట్యూటర్‌ను పెట్టేముందు నిద్ర ఎన్ని గంటలో లెక్క చూడండి. ఆరు గంటలు కూడా పడుకోని పిల్లకు ఇంకో క్లాసు కలపడం అన్యాయం. వారంలో రెండుసార్లు, గంటన్నర చొప్పున, మధ్యలో సొంతంగా చేసుకోవడానికి ఖాళీ రోజులు ఉండాలి. ఆ ఖాళీ రోజుల్లోనే ఫిజిక్స్ వస్తుంది.

ఆన్‌లైన్ క్లాసయితే మొహం కనబడటం కన్నా నోట్‌బుక్ కనబడటం ముఖ్యం. ఫోను స్టాండుకు బిగించి కెమెరాను కాగితం వైపు పెడితే, పిల్లవాడు ఏ అడుగులో తప్పాడో సారుకు అక్కడికక్కడే తెలుస్తుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉంటూ హైదరాబాద్ సార్ల చేత ఆన్‌లైన్‌లో చెప్పించుకునే తెలుగు కుటుంబాలు గమనించాల్సింది మరొకటి. అక్కడి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఫిజిక్స్ 1, 2 ఆల్జీబ్రాతో నడుస్తాయి. ఫిజిక్స్ సీకి కాలిక్యులస్ కావాలి. అన్నిట్లోనూ కారణాన్ని వాక్యాల్లో రాసి సమర్థించే ప్రశ్నలుంటాయి. ఆప్షన్లు గుర్తించడం మాత్రమే అలవాటైన సారు అక్కడ సరిపోరు.

డబ్బు సంగతి మొదటిరోజే మాట్లాడుకోండి. నెలకా క్లాసుకా, మానేసిన క్లాసు మళ్లీ చెబుతారా, ప్రయాణ ఖర్చు ఎవరిది? ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. యాభైమందికి పైగా చేర్చుకునే కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది: ర్యాంకు గ్యారంటీలు ఇవ్వకూడదు, చెప్పేవాళ్లకు కనీసం డిగ్రీ ఉండాలి, మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల ఫీజు తిరిగివ్వాలి. ఇంటికొచ్చే ఒక్క సారుకు అవి వర్తించవు. కానీ ఆ మూడు మాటలూ ఆయనతో ముందే అనుకోవడంలో తప్పులేదు. క్లాసు హాల్లోనే, తలుపు తెరిచి, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే జరగాలి. అమ్మాయికైనా అబ్బాయికైనా ఇదే నియమం. మంచి సార్లు దీన్ని ఎప్పుడూ తప్పుగా అనుకోరు.

ఆరు వారాలయ్యాక మార్కులకన్నా ముందు ఒకటి చూడండి. పిల్లవాడు ఒక లెక్క చేసి, ఎందుకలా చేశాడో మీకు చెప్పగలుగుతున్నాడా? ఫిజిక్స్ మీకు రాకపోయినా, తడుముకుంటున్నాడో లేదో తెలిసిపోతుంది. చెప్పగలుగుతుంటే క్లాసులు తగ్గించమని సారునే అడగండి. సెకండియర్ డిసెంబరుకల్లా వారానికి ఒక్క క్లాసు చాలు. జనవరిలో మెయిన్ మొదటి విడత, తర్వాత ప్రాక్టికల్స్, ఆ వెనకే ఇంటర్ పరీక్షలు వరసగా వచ్చేస్తాయి. ఆ ఒక్క క్లాసుకు ఏ లెక్కలు తేవాలో పిల్లవాడే ఎంచుకుని తెచ్చుకోవాలి.