మీకు తెలుసా? పికోసెకను తడబడితే కొలత తప్పుతుంది

హోర్ముజ్ జలసంధి దాటాక ఒమన్ గల్ఫ్ తీరాన ఉన్న ఖోర్ ఫక్కాన్ రేవుకు వచ్చే పెద్ద ఓడలు తమ పేరు, వేగం, ఉన్న చోటు ఏఐఎస్ పరికరంతో 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌లపై ప్రసారం చేస్తుంటాయి. ఆ తరంగాన్ని రిసీవర్ నేరుగా శాంపిల్ చేస్తుంటే, ఏ క్షణాన కొలవాలో చెప్పే క్లాక్ ఒక్క పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, అటూ ఇటూ అయితే చాలు. తరంగం నిటారుగా ఎగబాకే చోట కొలత దాని గరిష్ఠ ఎత్తులో వెయ్యో వంతు తప్పుతుంది. పది పికోసెకన్లయితే నూరో వంతు. కాంతి సైతం ఒక పికోసెకనులో పోయేది 0.3 మిల్లీమీటరే!

విచిత్రమేమిటంటే, క్లాక్ ఎప్పుడూ ఒకే మోతాదులో ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు. ఒకసారి ముందు, ఒకసారి వెనక అయితేనే చిక్కు. దాన్నే జిట్టర్ అంటారు. కొలత అయిపోయాక సాఫ్ట్‌వేర్‌తో దాన్ని తీసేయడం చాలా కష్టం. అందుకే మంచి క్రిస్టల్ ఆసిలేటర్, దానికి విడిగా పవర్ సప్లై, డిజిటల్ చిప్పుల రొదకు దూరంగా పొట్టి క్లాక్ లైను: డబ్బు ముందు వీటికే పెట్టాలి. శాంపిల్ పట్టే స్విచ్ తెరుచుకునే క్షణం ఇన్‌పుట్ వోల్టేజీని బట్టి మారకుండా బూట్‌స్ట్రాప్ స్విచ్ వాడతారు. ఇంకో దారీ ఉంది. 162 మెగాహెర్ట్జ్‌ల సిగ్నల్‌ను ముందే 16.2కు దించితే, అదే జిట్టర్ వల్ల శాంప్లింగ్‌లో వచ్చే తప్పు పదో వంతుకు తగ్గుతుంది.