చల్లని గది: దాని వెల, దానిని బిగించు చేయి

మార్చి నెల సగము దాటినంతనే దమ్మాయిగూడ వీధులలో ఒక కొత్త సందడి మొదలగును. మోటారు సైకిళ్లపై నిచ్చెనలు, రాగి గొట్టముల చుట్టలు, గ్యాసు సిలిండర్లు పెట్టుకొని మెకానిక్కులు ఇంటింటికి తిరుగుచుందురు. పై అంతస్తున కాపురముండువారి బాధ చెప్పనక్కరలేదు. పగలంతయు కాగిన కాంక్రీటు కప్పు రాత్రి పొద్దుపోవువరకు వేడిని క్రిందికి దింపుచునే యుండును. అందుచేత ఒకప్పుడు విలాసవస్తువుగా నెంచబడిన ఎయిర్ కండిషనరు నేడు సామాన్య గృహస్థుని లెక్కలలోనికి కూడ వచ్చినది. కొనునప్పుడు మనము పెట్టె వెల నడుగుదుము, దానిపై నక్షత్రములు లెక్కింతుము. దానిని గోడకు బిగించువాడు ఆ పని ఎక్కడ నేర్చెనని అడుగువారు మాత్రము అరుదు. అడుగని ఆ ప్రశ్నకు మనము ఎంత మూల్యము చెల్లించుచున్నామో ఇక్కడ విచారింతము.

వేడిని మోసికొనిపోవు యంత్రము

ఎయిర్ కండిషనరు చల్లదనమును సృష్టింపదు. గదిలోని వేడిని తీసి బయట పారవేయును. అరచేతిపై స్పిరిటు చుక్క వేసికొనిన, అది ఆవిరియగుచు చేతిలోని వేడిని లాగికొనును, చేయి చల్లబడును. యంత్రములో ఆ స్పిరిటు చేయు పనిని శీతలకము అను పదార్థము చేయును. మెకానిక్కులు దీనినే గ్యాసు అందురు. లోపలి పెట్టెలో ఇది అల్ప పీడనమువద్ద ఆవిరియై గదివేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా నొక్కును. బయటి పెట్టెలో అది వేడిని విడిచి ద్రవమగును. పిదప సన్నని దారిగుండ వచ్చి, పీడనము తగ్గి, మరల ఆవిరియగుటకు సిద్ధమగును.

ఈ ప్రయాణమంతయు మూసియున్న గొట్టములలోనే జరుగును. కావున శీతలకము ఖర్చగునది కాదు. “ప్రతి వేసవికి గ్యాసు నింపించవలెను” అను మాట శాస్త్రమునకు నిలువదు. గ్యాసు తగ్గినదన్న, ఎక్కడనో కారిపోయినదని అర్థము.

ఇక టన్ను అనగా యంత్రపు బరువు కాదు. మంచుగడ్డలతో చల్లపరచిన కాలమునుండి వచ్చిన కొలత అది. ఒక అమెరికా టన్ను, అనగా సుమారు 907 కిలోగ్రాముల మంచు, 24 గంటలలో కరగుటకు ఎంత వేడిని గ్రహించునో, అంత వేడిని అదే కాలములో తొలగించు యంత్రము ఒక టన్ను యంత్రము. కిలోగ్రాము మంచు కరగుటకు 334 కిలోజౌళ్లు కావలెను. 907ను 334చే గుణించి, దినములోని 86,400 సెకండ్లచే భాగించిన సుమారు 3.5 కిలోవాట్లు వచ్చును. విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును.

మూడు వేసవుల అనుభవము

మా ఇంటి సంగతియే చెప్పెదను. యంత్రమును బిగింప వచ్చిన మెకానిక్కు గొట్టములను కలిపి, కొంచెము గ్యాసు వదలి లోని గాలిని బయటికి తరిమి, అరగంటలో పని ముగించెను. మరుసటి వేసవికి చల్లదనము తగ్గెను, గ్యాసు నింపించితిమి. ఆపై వేసవికి మరల అదే కథ. ఈసారి వచ్చిన యువకుడు ఐ.టి.ఐ.లో ఈ విద్య చదివినవాడు. “సార్, గ్యాస్ తర్వాత నింపుదాం గానీ, ముందు అది ఏడికెళ్లి పోతుందో చూడాలె” అనెను. అతడు గొట్టములలో నైట్రోజనును పీడనముతో నింపి, కీళ్లపై సబ్బు నురుగు పూసెను. గొట్టపు చివర వెడల్పుచేసి నట్టు బిగించినచోట బుడగలు లేచినవి. ఆ చివర కోసి, మరల సరిగా వెడల్పుచేసి బిగించి, వాక్యూము పంపు తగిలించెను. పదార్థ ధర్మములు పాఠము చెప్పు నేనే అంతవరకు ఆ ప్రశ్న వేయలేదు!

వాక్యూము పంపు ఎందుకు? నీరు నూరు డిగ్రీలవద్దనే మరగునని చిన్నతరగతులలో చెప్పుదుము. పీడనము తగ్గిన, మరుగు ఉష్ణోగ్రతయు తగ్గును. 30 డిగ్రీలవద్ద నీటి ఆవిరి పీడనము సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసము. గొట్టములోని పీడనము అంతకంటె తగ్గినచో, లోపలి తేమ ఆ ఉష్ణోగ్రతవద్దనే మరిగి బయటికి పోవును. మంచి పంపు అర మిల్లీమీటరువరకు తగ్గించగలదు. అట్లు చేయక తేమ మిగిలినచో, శీతలకముతోను నూనెతోను చేరి ఆమ్లములు పుట్టి కంప్రెసరును తినివేయును. గాలి మిగిలినచో, అది ద్రవముగా మారదు గనుక పీడనము పెరిగి, కంప్రెసరు ఎక్కువ కరెంటు లాగును.

నక్షత్రముల లెక్క

ఒకటిన్నర టన్ను యంత్రము గరిష్ఠముగా సుమారు 5.3 కిలోవాట్ల వేడిని తీయును. నక్షత్రముల పట్టీపై ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అను సంఖ్య యుండును. ఒక వేసవిలో తీసిన వేడిని, అందుకై వాడిన విద్యుత్తుచే భాగించిన అది వచ్చును. పోలికకై 3.5 గల యంత్రమును, 5 గల యంత్రమును తీసికొందము. దినమునకు 8 గంటలు పూర్తి బలముతో నడిచిన మొదటిది సుమారు 12 యూనిట్లు, రెండవది సుమారు 8.5 యూనిట్లు వాడును. 90 దినములలో తేడా సుమారు 325 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకొనిన 2,600 రూపాయలు. వాస్తవముగా యంత్రము ఎల్లప్పుడు పూర్తి బలముతో నడువదు గనుక తేడా తక్కువ కావచ్చును.

అయితే ఈ ఆదా ప్రయోగశాలలో సరిగా బిగించిన యంత్రమునకు చెందినది. గ్యాసు కారుచున్న ఐదు నక్షత్రముల యంత్రము ఎక్కువసేపు తిరిగి తక్కువ చల్లపరచును. 2025 సెప్టెంబరు 22 నుండి ఎయిర్ కండిషనర్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. వెలలో కలిగిన ఆ లాభమును కూడ ఒక్క వదులు నట్టు హరించగలదు.

లైసెన్సు ఎవరికి?

మన దేశమున విద్యుత్ భద్రతా నియమముల ప్రకారము కొత్త వైరింగు పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సుగల కంట్రాక్టరే, అర్హతాపత్రముగలవాని పర్యవేక్షణలో చేయింపవలెను. బల్బు, ఫ్యాను వంటివాటిని మార్చుటకు మాత్రము మినహాయింపు గలదు. అదియు ఆ ఇంటి విద్యుత్ సామర్థ్యము మారనంతవరకే. కావున ఎయిర్ కండిషనరుకై కొత్త లైను లాగుట మినహాయింపులోనికి రాదు. కాని శీతలకమును తాకుటకు ఇట్టి లైసెన్సు తప్పనిసరి కాదు. ఐ.టి.ఐ.లలో రెండేండ్ల శిక్షణ యున్నను, అది లేనివాడు పని చేయరాదను నిర్బంధము లేదు.

హవాయి ద్వీపములలో పద్ధతి వేరు. అక్కడ ఎయిర్ కండిషనింగు కంట్రాక్టరు సి-52 అను ప్రత్యేక లైసెన్సు పొందవలెను. అమెరికా చట్టము ప్రకారము శీతలకమును తాకు పనివాడు పరీక్ష నెగ్గియుండవలెను. ఓజోను పొరను హరించు శీతలకములను బుద్ధిపూర్వకముగా గాలిలోనికి వదలుట 1992 జూలై 1 నుండి అక్కడ నిషిద్ధము. శిక్షణ, రుసుము, బీమా అన్నియు కలిసి కూలి పెరుగును. దానిని చెల్లించునది గృహస్థుడే. కాని పని చెడిన అడుగుటకు ఒకడుండును.

మనకును ఈ విచారము తప్పదు. నేడు విరివిగా వాడుచున్న ఆర్-32 కొంతవరకు మండు స్వభావము గలది. దాని భూతాపన శక్తి బొగ్గుపులుసు వాయువునకు 675 రెట్లు. ఒక యంత్రమునుండి 800 గ్రాములు కారిపోయిన, 540 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువును విడిచినట్లే. అట్లని రేపటినుండి లైసెన్సు లేనివారిని పనినుండి తొలగింతుమనిన, పనిలోనే పని నేర్చిన ఎందరో యువకుల అన్నము పోవును. వారికి స్వల్పకాల శిక్షణనిచ్చి, పరీక్షించి, పత్రమిచ్చుటయే న్యాయమైన మార్గము. 2019లో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది మెకానిక్కులకు శిక్షణ, అర్హతాపత్రములు ఇవ్వవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది.

మనము చేయదగినవి

మెకానిక్కు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: వాక్యూము పంపు తెచ్చితివా? కారుడును ఎట్లు పరీక్షింతువు? గ్యాసును తూచి నింపుదువా? ఈ మూటికిని నిదానముగా చేసి చూపువానికి కొంచెము ఎక్కువ కూలి ఇచ్చుట నష్టము కాదు.

యంత్రము కొనకముందే కప్పుపై తెల్లని పూత వేయించినచో గదిలోనికి దిగు వేడియే తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు ఇదియే ఆధారము. మే నెల పొడిగాలిలో నీటి కూలరు చక్కగా పనిచేయును. జూలై తేమలో చేయదు. ఎందుకో విద్యార్థులు ఆలోచింతురుగాక.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. నీటిని మరగించి, 70 డిగ్రీలవరకు చల్లారనిచ్చి, సూదిలేని పెద్ద సిరంజిలోనికి కొంచెము తీసికొని, గాలి లేకుండ మూతి మూసి, పిస్టన్‌ను గట్టిగా వెనుకకు లాగవలెను. మంట లేకయే నీరు బుడబుడ మరగును. ఆ బుడగలను చూచిన బాలుడు రేపు తన ఇంటికి మెకానిక్కు వచ్చినప్పుడు వాక్యూము పంపు ఏదని తప్పక అడుగును.