ముందు టైరుకు అడ్డు పెట్టారా?

తెల్లవారుజామున కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లే దారిలో కాసేపు నిలబడితే సినిమా చక్రాల మీద కదలడం కనిపిస్తుంది. యూనిట్ బస్సు, జనరేటర్ వ్యాను, లైట్లు మోసే డీసీఎం, కాస్ట్యూమ్స్ బండి, ఆ వెనక తాపీగా హీరోగారి క్యారవాన్. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చాక అక్కినేని నాగేశ్వరరావు కట్టించిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో తెరుచుకున్నప్పుడు ఈ ప్రాంతమంతా బండరాళ్లే. రోడ్లు పడ్డాయి, బంగళాలు లేచాయి, గుట్ట మాత్రం గుట్టగానే ఉంది. అందుకే ఇక్కడ బండి ఆపిన డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి ఊరుకోడు. క్లీనర్ కుర్రాణ్ని కేకేస్తాడు: "రాయి పెట్టరా!"

ఆ కేక వింటూ పెరిగిన ఓ కుర్రాడు తర్వాత మెకానికల్ ఇంజినీరై టెక్సాస్ చేరాడు. తండ్రి షూటింగ్ బండ్ల డ్రైవరు. కొడుకు డల్లాస్ శివార్లలో ఇల్లు కొన్నాడు, ట్రైలర్ లాగడానికి ఓ హెవీ డ్యూటీ పికప్ కొన్నాడు. ఓ శనివారం వెనక బ్రేకులు తనే మార్చుకుందామని కూర్చున్నాడు. తెలుగువాడి చేతికి పానా అందితే ఆగుతుందా! పనిముట్లన్నీ ఉన్నాయి, వీడియోలు చూశాడు. రాయి ఒక్కటే మరిచిపోయాడు.

ఆ ఇంజినీరే ఈ వ్యాసకర్త. "మీకు తెలిసిన విషయం మీద ఏదైనా రాయండి" అని అడిగినప్పుడు ఆయనకు ముందుగా గుర్తొచ్చింది ఆ శనివారమే.

జరిగింది చిన్నదే. వాన నీరు వీధిలోకి జారాలని డ్రైవ్‌వేని కాస్త వాలుగా పోస్తారు; కంటికి ఆనని వాలు. గేరు 'పి'లో ఉంది. హ్యాండ్ బ్రేకు వదిలేశాడు, అది వదలకపోతే వెనక డిస్కు ఊడిరాదు కాబట్టి. ఎడమ వెనక చక్రాన్ని జాకీతో లేపి, నట్లు విప్పి, టైరు తీసి, తండ్రి దగ్గర చూసిన అలవాటుకొద్దీ దాన్ని ఛాసిస్ కిందికి తోశాడు. పట్టేసిన డిస్కు మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడో లేదో, బండి జానెడు ముందుకు జారింది. జాకీ ఒరిగింది. మూడు టన్నుల పైచిలుకు బండి తాలూకు ఆ మూల ధబ్బున టైరు మీద కూర్చుంది. ఆ టైరు అక్కడ లేకపోతే ఈ వ్యాసం ఎవరు రాసేవారో!

'పి'లో పెట్టిన బండి ఎలా కదిలింది? చాలామంది తడబడేది ఇక్కడే. 'పి' అనేది బ్రేకు కాదు. గేరుబాక్సులో చిన్న ఇనుప కొక్కెం ఒకటి పడి, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టును తిరగనివ్వదు, అంతే. వెనక చక్రాలు రెండూ గాల్లో ఉంటే ఆ కొక్కెం పట్టుకున్నది గాల్లో చక్రాలనే. నేల మీది ముందు చక్రాలను ఆపేవారే లేరు. ఒక్క చక్రమే లేపినా ప్రమాదం తప్పదు. షాఫ్టు బిగుసుకుని ఉన్నా, మామూలు డిఫరెన్షియల్‌లో లేచిన చక్రం ఒకవైపు, నేల మీది చక్రం రెండోవైపు నిక్షేపంగా తిరగగలవు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయినా టూ వీల్‌లో ఉన్నంతసేపు ఇదే కథ. ముందు బ్రేకుల పనికి ఈ బెడద లేదు, వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి. వెనక పనికి దిగినప్పుడు మాత్రం హ్యాండ్ బ్రేకూ లేదు, గేరూ లేదు. ఉన్నదల్లా ముందు టైర్లకు మనం పెట్టే అడ్డు. రెండు టైర్లకూ, ముందొకటి, వెనకొకటి. జాకీకి చెయ్యి వేయకముందే.

ఆ తర్వాత జాకీ స్టాండ్లు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు.

ఇక ఆ డిస్కు ఎందుకు మొరాయించింది? ఇలాంటి చాలా పికప్పుల్లో వెనక డిస్కు మధ్యలోని టోపీలాంటి భాగంలో చిన్న డ్రమ్ము దాగి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు షూలు ఉండేది అందులోనే. ఏళ్ల తరబడి అరిగి లోపల గట్టు కడితే షూలు దానికి తట్టుకుంటాయి. సుత్తితో బాదితే ఊడేది డిస్కు కాదు, షూ పిన్నులు. వెనక రబ్బరు బిళ్ల తీసి, కన్నంలోంచి పళ్ల చక్రాన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి షూలను లోపలికి లాగాలి. హైదరాబాద్ షెడ్డులో డ్రమ్ము బ్రేకులు అడ్జస్టు చేయడం చూసినవారికి ఇది కొత్తేమీ కాదు.

మరికొన్ని జాగ్రత్తలు. కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. దుమ్మును గాలితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అమెరికా పర్యావరణ సంస్థ 2024 మార్చిలో ప్రకటించిన క్రిసోటైల్ నిషేధంలో బ్రేకులూ ఉన్నాయి. నట్లు టార్క్ రెంచితోనే బిగించాలి, ఇటీవలి ఫోర్డ్ ఎఫ్-250కి 165 ఫుట్ పౌండ్లు. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. లేదంటే మొదటి తొక్కుకి కాలు నేలకు తగులుతుంది, బండి గరాజ్ తలుపుకు తగులుతుంది.

ఆ శనివారం సాయంత్రం ఫిల్మ్‌నగర్‌కు ఫోన్ చేస్తే తండ్రి అంతా విని ఒక్క మాటే అడిగారట: "రాయి పెట్టలేదా నాన్నా?"

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు కొత్త బండికి పూజ చేయించినప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మనందరం చూశాం. ఇక్కడ అమెరికాలో మన గరాజుల్లోనూ ఆ ముచ్చట మానలేదు, మానకూడదు కూడా. వచ్చే దసరాకు బండికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు పిల్లల చేతికి నిమ్మకాయలతోపాటు ఓ జత రబ్బరు అడ్డులూ ఇవ్వండి. ఏది ఏ టైరుకు, ఎటువైపు పెట్టాలో వాళ్లకు తెలుగులోనే చెప్పండి.