చెయ్యి తనంతట తాను చాపేదాకా

లాల్‌దర్వాజా బోనాలకు వచ్చిన చుట్టాలు సోమవారం ఘటాల ఊరేగింపు చూసి, మంగళవారం పిల్లల్ని వెంటేసుకుని బహదూర్‌పురా జూపార్కుకు వెళ్లడం పాతబస్తీలో మామూలే. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో తెరిచిన ఆ జూలో చాలా ఏళ్లు పిల్లలు పరుగున వెళ్లింది సూజీ దగ్గరికి. సూజీ ఆడ చింపాంజీ. జూ సిబ్బంది దాన్ని ప్రేమగా చూసుకున్నారు, పుట్టినరోజులూ చేశారు. అయితే ఆ ఆవరణలో దానికి తోడుగా మరో చింపాంజీ లేదు.

చింపాంజీకి అన్నిటికంటే పెద్ద లోటు అదే. అడవిలో అది పదుల సంఖ్యలో ఉన్న గుంపుతో బతుకుతుంది. పిల్ల ఏళ్ల తరబడి తల్లిని వదలదు. ఒకదాని వెంట్రుకలు ఒకటి పాయలు తీస్తూ గంటలు గంటలు కూర్చుంటాయి. ఒంటరిగా బోనులో పెరిగింది మాత్రం ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది, తన వెంట్రుకలు తనే పీక్కుంటుంది.

ఈ సంగతి తెలియడానికి పరిశోధనశాలలకు చాలా కాలం పట్టింది. 1961 జనవరి 31న అమెరికా రాకెట్‌లో అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన హామ్ అనే చింపాంజీని రెండేళ్ల తర్వాత వాషింగ్టన్ జూకు పంపారు. అక్కడ అది పదిహేడేళ్లు గడిపింది, ఎక్కువ కాలం ఒంటరిగానే. 1980లో నార్త్ కరోలినా జూలో గుంపుతో కలిపారు. 1983లో చనిపోయింది. అంత పేరున్న జంతువుకు సాటి జీవుల తోడు దక్కింది చివరి రెండేళ్ల చిల్లరే.

ఈ కథకూ మనకూ సంబంధం ఉంది. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ఏ బిడ్డకైనా మొదటి రోజే వేయాల్సిన టీకాల్లో హెపటైటిస్ బీ ఒకటి. మన దేశంలో ఆ టీకాను జన్యు పద్ధతిలో మొదట తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో. కానీ అంతకు చాలా ముందే, 1970లలో, తొలి హెపటైటిస్ బీ టీకాలను అమెరికాలో చింపాంజీల మీద పరీక్షించారు. మనిషి కాలేయంలో చేరే ఆ వైరస్ వాటికీ సోకుతుంది. మన పిల్లల తొడన పడే సూది వెనక వాటి రక్తం ఉంది.

ఎయిడ్స్ విషయంలో లెక్క తప్పింది. 1980లలో అమెరికాలో ఆ ప్రయోగాల కోసమని చింపాంజీలను పెద్ద ఎత్తున పెంచారు. వైరస్ ఎక్కించినా వాటిలో దాదాపు వేటికీ ఆ జబ్బు రాలేదు. పని లేని జంతువులు బోనుల్లో మిగిలిపోయాయి. వాటిపై ప్రయోగాల్లో చాలావరకు అవసరం లేదని 2011లో అక్కడి నిపుణుల సంఘం తేల్చింది. 2015లో అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఆ ప్రయోగాలను పూర్తిగా ఆపేసింది.  

ప్రయోగాలు ఆగినంత మాత్రాన బాధ్యత తీరదు. చింపాంజీ యాభై ఏళ్లూ బతకగలదు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని చింప్ హేవెన్ ఇలా విశ్రాంతికి వచ్చిన వాటి ఇల్లు. కొత్తగా వచ్చినదాన్ని గుంపులోకి ఒక్కసారిగా తోసెయ్యరు. ముందు జాలీకి అటూ ఇటూ ఉంచి, ఒకదానికొకటి అలవాటు పడ్డాకే తలుపు తీస్తారు. రాత్రికి గూడు అల్లుకునే అలవాటు వాటికి పోదు కాబట్టి గడ్డి, దుప్పట్లు ఇస్తారు. చెద పుట్టలాంటి దిబ్బ కట్టి, బొరియల్లో తినుబండారాలు నింపుతారు. పుల్ల దూర్చి తీసుకోవడం వాటి పని. అడవిలో ఈ విద్యను 1960లో శాస్త్రవేత్త జేన్ గూడాల్ చూసి లోకానికి చెప్పింది.

వైద్యం అన్నిటికంటే కష్టం. బోనులో పెరిగిన చింపాంజీలకు గుండె జబ్బులు ఎక్కువ, రక్త పరీక్షలు తప్పవు. ఒకప్పుడు మత్తు సూది తుపాకీ కనబడగానే అవి గోలపెట్టి మూలకు నక్కేవి. ఇప్పుడు జాలీకి ఒక గొట్టం బిగిస్తారు. చింపాంజీ అందులో చెయ్యి పెట్టి చివరన ఉన్న కడ్డీ పట్టుకోవాలి. మొదటి రోజుల్లో చెయ్యి పెడితే చాలు, పళ్లరసం. తర్వాత తడి దూదితో తుడవడం, ఆ తర్వాత మొద్దు మొనతో తాకడం, చివరికి సూది. ఇదంతా నేర్పడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. మధ్యలో అది చెయ్యి వెనక్కి తీసుకుంటే కాపరి కోప్పడడు, బలవంతం చెయ్యడు. ఆ రోజుకు సూది లేదు. మర్నాడు రసం గ్లాసుతో వచ్చి మళ్లీ అడుగుతాడు.