పాత ట్రాక్టరు: యజమాని నేర్వదగిన పని



ఎద్దును కట్టిన రైతు దాని మేత ఎరుగును. పేడను చూచి దాని ఆరోగ్యము గ్రహించును. గిట్టలో ముల్లు దిగినచో తానే తీయును. తన చేత కుదురునదేదో, పశువైద్యునికి కబురు పంపవలసినదేదో అతనికి తెలియును. ఎద్దు స్థానమున ట్రాక్టరు వచ్చిన ఇండ్లలో ఈ ఎరుక తగినంతగా రాలేదు. బండి ఆగినంతనే మెకానిక్కునకు ఫోను చేసి చెట్టునీడను కూర్చుండుట వాడుకయైనది.

పాల్వంచ ప్రాంతమున దీనివలని నష్టము కొంచెము కాదు. పాల్వంచనుండియో, కొత్తగూడెమునుండియో అడవి అంచు పల్లెకు మెకానిక్కు వచ్చుసరికి పూట గడచును. తొలకరి వేళ అతని కొరకు ఎన్నో ఊళ్లవారు కాచుకొని యుందురు. మృగశిర వానకు తడిసిన చేను పదునులో నుండునది కొలది దినములే. ఆ పదును తప్పినచో మరల మబ్బువంక చూడవలసినదే.

పాతబండి పనికిమాలినదని మేము తలంపము. హెచ్.ఎం.టి. సంస్థ 1971లో చెకొస్లొవేకియావారి సహాయముతో జెటార్ ట్రాక్టర్ల తయారీకి దిగినది. ఆ విభాగమును మూసివేయుటకు 2016లో నిర్ణయమైనది. కర్మాగారము మూతపడినను ఆ బండ్లు కొన్ని నేటికిని దున్నుచున్నవి. పాత ఇంజనులో ముఖ్యభాగములు కంటికి కనబడును, పానాకు అందును. నేర్చుకొనువానికి ఇంతకన్న మంచి బడి లేదు.

మొదట సూత్రము తెలియవలెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వనిచ్చు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలి నొక్కినచో అది కాగును. కాగిన గాలిలోనికి డీజిలు చిమ్మగా తానే మండును. రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను ఇంజనీరు 1897లో విజయవంతముగా నడిపి చూపినది ఈ విధమైన ఇంజనే. కావున ఇంజను మొరాయించినపుడు గాలి, డీజిలు సరిగా అందుచున్నవా యని ముందుగా చూడవలెను.

గాలి:— వేసవి దుక్కిలో లేచు దుమ్ము ఇంజనులోనికి పోయినచో ఆకురాయివలె లోపలి భాగములను అరుగదీయును. పాతబండ్లలో అనేకమునకు ఆయిలు గిన్నె గల గాలి ఫిల్టరు ఉండును. దుక్కి దినములలో దానిని ప్రతిదినము విప్పి చూడవలెను. అడుగున మడ్డి చేరినచో పారబోసి, కడిగి, గీతవరకే కొత్త ఆయిలు పోయవలెను. గీత దాటి పోసినచో ఇంజను ఆ ఆయిలునే పీల్చుకొని అదుపు తప్పవచ్చును.

డీజిలు:— ట్యాంకు పూర్తిగా ఎండినచో గొట్టములలో గాలి పట్టును. తరువాత ఎంత డీజిలు పోసినను బండి కదలదు. బ్యాటరీ దిగువరకు సెల్ఫు కొట్టుట వ్యర్థము. ఫిల్టరుపై నుండు గాలి స్క్రూను కొంచెము వదులుచేసి, చేతిపంపును ఆడింపవలెను. బుడగలతో కూడిన డీజిలు వెలువడును. బుడగలు నిలిచి ధార సాఫీగా వచ్చినపుడు స్క్రూ బిగింపవలెను. పంపుపై గల గాలి స్క్రూవద్దను ఇట్లే చేయవలెను. సాయంకాలము పని ముగిసినంతనే ట్యాంకు నింపుట మేలు. ఖాళీ ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడి, అందలి తేమ నీరై డీజిలులో చేరును.

ఆయిలు, నీరు:— తెల్లవారి ఇంజను చల్లగా నుండగనే ఆయిలు పుల్ల తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని యర్థము, బండి నడుపరాదు. కాగిన రేడియేటరు మూత తీయరాదు; కాగిన ఇంజనులో చన్నీళ్లు పోసినచో లోహము పగులును. ఫ్యాను బెల్టు వదులైనను ఇంజను కాగుచుండును.

పొగ:— నల్లపొగ వచ్చినచో గాలి చాలలేదనియో, బరువు మించినదనియో తలంపవలెను. నీలిపొగ ఆయిలు మండుటకు గుర్తు. తెల్లపొగ చలివేళ కొంతసేపు వచ్చి పోయినచో భయములేదు. విడువక వచ్చినచో మెకానిక్కునకు చూపవలెను.

మన ప్రాంతమునకు వరద ముప్పు కూడ కలదు. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. నీట మునిగిన ట్రాక్టరును ఒడ్డుకు చేర్చినంతనే సెల్ఫు కొట్టి చూడవలెనను ఆతురత కలుగును. అది మిక్కిలి చేటు. గాలి నొక్కిన నొక్కుబడును, నీరు నొక్కుబడదు. లోపలి కడ్డీలు వంగిపోవును. బ్యాటరీ తీగలు ఊడదీసి, బండిని కదల్పక మెకానిక్కును పిలువవలెను. ఆయిలు, డీజిలు దింపి లోపల శుభ్రపరచిన పిమ్మటనే ఇంజను తిప్పదగును.

యజమాని చేయరాని పనులును కలవు. సీలు వేసిన డీజిలు పంపును విప్పరాదు. నాజిలునుండి చిమ్ము డీజిలుకు చేయి అడ్డుపెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. జాకీని మాత్రమే నమ్మి బండిక్రింద దూరరాదు. ఇంజను తిరుగుచుండగా రోటావేటరువద్దకు చేయి పోనీయరాదు. బ్రేకులు, స్టీరింగు మరమ్మతు నిపుణునికే విడువవలెను.

క్రమముగా నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు. అంతదూరము పోలేనివారికై మన సంఘములు ఒక పని చేయవచ్చును. రోహిణి కార్తెకు ముందు ఒక దినము నిర్ణయించి, ఊరిలోని పాతబండ్లను ఒకచోట చేర్చి, మంచి మెకానిక్కునకు కూలి యిచ్చి పిలిపింపవలెను. అతడు చూపుచుండగా యజమానియు, డ్రైవరును తమ చేతులతోనే ఫిల్టరు విప్పి, గాలి తీసి, మరల బిగింపవలెను. పానాల పెట్టె, గ్రీజుగన్ను, జల్లెడగల గరాటు సంఘము తరఫున కొని యుంచినచో అందరికిని ఉపయోగపడును. ప్రతి బండికి ఒక నోటుపుస్తకము పెట్టి, ఆయిలు మార్చిన తేదీ, నడచిన గంటలు వ్రాయుచుండవలెను.

ఇవన్నియు నేర్చిన రైతు మెకానిక్కు కానక్కరలేదు. పదునుగల చేనిలో బండి ఆగిన ఉదయమున, అరగంటలో తన చేత తీరునదో, కాదో తేల్చుకొనగలిగిన చాలును. విత్తనము వేళకు పడును.