పడవకూ పంక్చరే!

లారీ ట్యూబులో గాలి నింపుకుని, దాని మీద కూర్చుని చెరువులో వల వేయడం ఓరుగల్లు పల్లెలకు కొత్తేమీ కాదు. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వైపు ట్యూబుకు చిల్లి పడితే ఏం చేయాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట గీకి, సొల్యూషన్ రాసి అతుకేస్తే సరి. పది నిమిషాల పని.

మరి వరదలో మనుషుల్ని మోసే రబ్బరు పడవకు చిల్లి పడితే?

2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో కురిసిన వాన 649.8 మిల్లీమీటర్లు! మోరంచపల్లిలో కొందరు కొట్టుకుపోయారు. మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు ఉగ్గబట్టుకున్న వారిని హెలికాప్టర్లు, పడవలు ఒడ్డుకు చేర్చాయి. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు 1న ఆకేరు వంతు. కేసముద్రం-ఇంటికన్నె మధ్య వరద పోటుకు రైలు పట్టాల కింది మట్టే కొట్టుకుపోయింది.

ఊళ్లోకి వచ్చిన నీళ్లు చెరువు నీళ్లలాంటివి కావు. అడుగున ముళ్లకంచె ఉంటుంది, తుమ్మకొమ్మ ఉంటుంది, ఎగిరిపడిన ఇంటి రేకు ఉంటుంది. ఏదీ పైకి కనిపించదు. అందుకే ఈ పడవల్లో గాలిని ఒకే సంచిలో నింపరు. వేర్వేరు గదులుంటాయి. ఒకటి చిల్లి పడ్డా మిగతావి తేలుస్తాయి. గాలి ఒత్తిడి కూడా తక్కువే, చదరపు అంగుళానికి మూడు పౌండ్ల చుట్టుపక్కల. కారు టైరులో ఉండేది దీనికి పది రెట్లు!

చిత్రమేమిటంటే, ముల్లు కన్నా ఇసుకే పడవను ఎక్కువ పాడుచేస్తుంది. ముల్లు గుచ్చితే తెలుస్తుంది. నేలకూ పక్క గొట్టానికీ మధ్య సందులో చేరిన ఇసుక మాత్రం కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా గుడ్డను అరగదీస్తూనే ఉంటుంది. వాల్వులో ఒక్క రేణువు ఇరుక్కున్నా గాలి నిలవదు. అందుకే వరద తగ్గాక పడవకు మొదటి చికిత్స స్నానమే. గాలి నింపి ఉంచే మంచినీళ్లతో కడగాలి, సందుల్లోని ఒండ్రు పోవాలి. మెత్తటి సబ్బు చాలు. మరకలు పోవాలని పెట్రోలు రాశారో, అతుకుల జిగురుకే ఎసరు! తర్వాత నీడలో ఆరబెట్టాలి. తడి మీద మడిచి మూల పడేస్తే బూజు పడుతుంది. గోదాములో ఎలుకలు సరేసరి.

చిల్లి వెతకడం మాత్రం అచ్చంగా సైకిల్ షాపు విద్యే. కాకపోతే పడవను తొట్టిలో ముంచలేరు కాబట్టి సబ్బు నురగనే దాని మీద పూస్తారు. బుడగలు లేచిన చోట పెన్సిలుతో గుండ్రంగా గీస్తారు. అసలు తిప్పలు ఆ తర్వాతే. పడవ పీవీసీదా, హైపలాన్ రబ్బరుదా తెలియాలి. ఒకదాని జిగురు మరోదానికి పనికిరాదు. సైకిల్ సొల్యూషన్ పీవీసీ మీద నిలవదు, ఎండకు లేచి వస్తుంది. సరైన జిగురు రెండు భాగాలుగా వస్తుంది, అప్పటికప్పుడు కలుపుకోవాలి. చిల్లికి అన్ని వైపులా రెండంగుళాలు మించేలా, మూలలు గుండ్రంగా కత్తిరించిన అతుకు కావాలి. మూల కోసుగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది మరి. గరుకు కాగితంతో రుద్ది, రెండు పలుచటి పూతలు పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అద్ది, రోలర్‌తో గట్టిగా ఒత్తాలి. గాలిలో తేమ ఎక్కువుంటే జిగురు పట్టదు. వరదలొచ్చేదేమో వానాకాలంలో! అందుకే ఈ పని వేసవిలోనే ముగించుకోవడం మేలు.

గాలి పడవ ఆలోచన పాతదే. 1840లలో బ్రిటిష్ నౌకాదళ అధికారి పీటర్ హాల్కెట్, ఒంటి మీద కప్పుకునే వానకోటునే గాలి ఊది పడవగా మార్చాడు. గుడ్డకు రబ్బరు పూత, లోపల గాలి... సూత్రం నేటికీ అదే.

అతుకేసిన పడవను కనీసం ఒక రోజు కదపకూడదు. తర్వాత గాలి నింపి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి కాస్త మెత్తబడితే కంగారు పడక్కర్లేదు, చల్లదనానికి లోపలి గాలి కుంచించుకుపోతుంది. పొద్దెక్కి, వేడి నిన్నటంత అయ్యాక మళ్లీ నొక్కి చూడాలి. అప్పటికీ మెత్తగానే ఉందా... సబ్బు నీళ్ల బకెట్టు మళ్లీ తేవాల్సిందే.