దీనపోషణ మెవ్వరి ధర్మము?

2020 మార్చిలో కరోనా దిగ్బంధము విధింపబడగా, గచ్చిబౌలిలో మేడలు గట్టు కూలీలకు పనియు కూలియు నొక్కసారిగ నిలిచిపోయెను. తెలంగాణ ప్రభుత్వము వలసకూలీ కొక్కనికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించెను. ప్రార్థనాలయములును అన్నము వండి పంచినవి. న్యాయముగ నీ భార మెవ్వరిది?

ఒంగోలు చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది. 1876–78 నాటి ధాత కరవునందు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు గైకొని, అన్నార్తులకు కూలి కల్పించెను. ధనము సర్కారుది, ఆదరించిన చేయి మిషనుది. కూటికై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, సహాయము సాగినంతకాల మాయన బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మిషనుల సేవను మేము తక్కువచేయము. కాని దయతో నిచ్చువారు మానుకొన్నచో నడుగుట కెవ్వరి కధికారము కలదు? ప్రభుత్వము మన పన్నులతో నిచ్చును, మానుకొన్నచో నిలదీయవచ్చును. 2013 ఆహారభద్రతా చట్టము అర్హులకు తిండిగింజలను హక్కుగా నొసంగెను. ఆ హక్కు కూలీవెంట పొలిమేర దాటి నడువవలయును. క్లౌ దొరకున్న వివేకము ప్రతి దాతకు నుండునని నమ్మి పేదవాని బ్రతుకును విడువరాదు. దయ రాజధర్మమునకు తోడు కావలయును గాని బదులు కారాదు.